కంటికి జంట శస్త్రచికిత్స

కొన్ని వారముల క్రిందట మా ఆరోగ్య కార్యక్రమమునకు ఒక సోదరి వద్దనుండి జాబు వచ్చినది. ఆమె భర్తకు వయస్సు అరువదికి చేరువ. చాల యేండ్లుగా మధుమేహమున్నది. ఒక కంటిలో శుక్లము ముదిరినది. ఆ శుక్లము వెనుక, రెటీనా యను లోపలి తెరమీద, పొరలు కట్టి రక్తము చిందినది. రెండింటిని ఒకే పర్యాయము సరిచేయుదుమని వైద్యులు చెప్పినారట. "ఒక శస్త్రచికిత్స యనగనే మా ఇంట ఎవరికిని నిద్ర పట్టదు. రెండును కలిపి చేసినచో అపాయము కూడ రెండింతలు కాదా? రెండవ కన్ను కూడ అంతంతమాత్రమే. ఈ కన్ను పోయినచో ఆయన గతి యేమి?" అని ఆమె వ్రాసినారు.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. శుక్లమును, రెటీనా వ్యాధిని ఒకే పూట చక్కబెట్టుట నేడు పెద్ద కంటి ఆసుపత్రులలో తరచుగా జరుగుచున్నది. చేయించుకొనుడనిగాని వలదనిగాని చెప్పుటకు నేను వైద్యుడను కాను. ఆ మాట కంటిని పరీక్షించిన వైద్యుడే చెప్పవలెను. అయితే అపాయము ఎచ్చటనుండి వచ్చును, ఎవరికి ఎక్కువ, దానిలో మన చేతిలో నున్నది ఎంత అను మూడు సంగతులు తెలిసినచో, భయము కొంత తగ్గి దాని స్థానమున జాగ్రత్త వచ్చును.

ముందుగా కంటి కట్టడమును ఒకమారు తలచుకొందము. కన్ను ఇంచుమించు 24 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల గోళము. దాని ముందు భాగమున గడియారపు అద్దమువలె కార్నియా యుండును. దాని వెనుక రంగుపొర. ఆ పొర నడుమనున్న రంధ్రమే కనుపాప. కనుపాప వెనుక, ఒక పలుచని సంచిలో, బఠాణీ గింజను అదిమినట్లు కటకముండును. సంచిని చుట్టును సన్నని నారలు పట్టి నిలుపును. కటకము వెనుక, కంటి పరిమాణములో ఐదింట నాలుగు వంతులు, కోడిగ్రుడ్డు తెల్లసొనను పోలిన కాచద్రవము నిండియుండును. ఆ వెనుక గోడకు లోపలివైపున గోడకు అతికిన పలుచని కాగితమువలె రెటీనా. దాని నడుమనున్న పచ్చచుక్కతోడనే మనము అక్షరములు చదువుదుము, మనుష్యుల ముఖములు గుర్తింతుము. కటకము మసకబారుట శుక్లము. రెటీనా చిరుగుట, గోడనుండి ఊడుట, దానిపై పొరలు పట్టుట, రక్తము కారుట అనునవి వెనుకభాగపు వ్యాధులు.

ఈ రెంటి చికిత్సలు చాలకాలము వేర్వేరు దారులలో నడచినవి. పూర్వము శుక్లమును సూదితో కంటి లోపలికే నెట్టివైచెడివారు. ఫ్రాన్సు దేశపు జాక్ డావియేల్ 1747లో దానిని కంటినుండి వెలుపలికి తీసెను. 1949 నవంబరు 29న లండనులో హెరాల్డ్ రిడ్లీ తొలిసారిగా కంటిలో కృత్రిమ కటకమును అమర్చెను. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అతిధ్వని కంపనములతో శుక్లమును నలుగగొట్టి సన్నని గొట్టముతో పీల్చివేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. నేడు రెండు మూడు మిల్లీమీటర్ల గాటుతోనే పని ముగియుచున్నది. ఇక రెటీనా సంగతి. చిరుగును మూసినగాని ఊడిన రెటీనా మరల అంటుకొనదని స్విట్జర్లాండు వైద్యుడు జూల్ గోనాఁ నిరూపించెను. 1970లో మయామీ నగరమున రాబర్ట్ మాఖెమర్ కాచద్రవమును కోసి పీల్చు పరికరమును మనుష్యుని కంటిలో ఉపయోగించెను. అంతకు ముందు ఆయన దానిని కోడిగ్రుడ్డు తెల్లసొనపైననే పరీక్షించి చూచెను. ఈ శస్త్రచికిత్సకు విట్రెక్టమీ యని పేరు.

అయితే రెంటిని కలుపుట యెందుకు? మొదటి కారణము, శుక్లము అడ్డముండగా వైద్యునికి రెటీనా స్పష్టముగా కానరాదు. మసక కిటికీ గుండ గది గోడకు సున్నము వేయుట ఎంత కష్టమో ఇదియు అంతే. రెండవ కారణము, విట్రెక్టమీ జరిగిన పిదప యాబది దాటినవారిలో అధికసంఖ్యాకులకు రెండేండ్ల లోపల శుక్లము ముదురును. కాచద్రవమున్నంతకాలము కటకమునకు ప్రాణవాయువు ఎక్కువగా తగులదు. ఆ కాపు తొలగగనే కటకము త్వరగా మారును. అప్పుడు రెండవ శస్త్రచికిత్స తప్పదు. పైగా వెనుక ఆనికలేని కంటిలో కటకపు సంచి ఊగిసలాడుటచే అది కొంత కష్టతరమగును. కావున రెండును ఒకనాడే ముగించినచో ఒకే మత్తు, ఒకే ప్రయాణము, ఒకే విశ్రాంతి. చూపు కూడ త్వరగా తేరుకొనును.

ఇప్పుడు ఆ సోదరి ప్రశ్నకు వత్తము. అపాయము రెండింతలా? కాదు. అపాయములు కూడికలెక్కలు కావు. మత్తు మందు, ఆసుపత్రి వాసము, శస్త్రచికిత్సతో వచ్చు సూక్ష్మక్రిముల భయము వంటివి రెండు మారులకు బదులు ఒక్కమారే ఎదురగును. కాని కలిపినందువలన పెరుగునవియు కొన్ని కలవు. వానిలో ముఖ్యమైనది కంటి ముందుభాగమున కలుగు వాపు. ముందు వెనుక భాగములను రెంటిని ఒకేసారి కదలించినపుడు రక్తనాళములనుండి ఫైబ్రిను అను జిగురు పదార్థము ఊరును. అది రంగుపొరను క్రొత్త కటకమునకు అంటించివేయగలదు. అట్లు అంటుకొన్నచో కనుపాప గుండ్రదనము పోవును. కంటిలోని నీరు పారు దారి మూసికొని ఒత్తిడి పెరుగవచ్చును. ఈ జిగురు అందరి కండ్లలోను ఒకే విధముగా ఊరదు. మధుమేహముచే రెటీనాలో క్రొత్త రక్తనాళములు మొలచినవారికి, శస్త్రచికిత్స చాలసేపు సాగినవారికి, లేసరు కాల్పులు ఎక్కువగా అవసరమైనవారికి, కంటిలో వాయువునో నూనెనో నింపినవారికి, ఇదివరలో కంటిలోపల వాపు వ్యాధి వచ్చినవారికి ఇది ఎక్కువ.

పై జాబితాలో మధుమేహము మొదట నిలుచుటకు కారణమున్నది. చక్కెర వ్యాధి చిన్న రక్తనాళముల గోడలను బలహీనపరచును. రక్తము సరిగా అందని రెటీనా ఆకలిగొన్న బిడ్డవలె సంకేతములు పంపును. ఆ సంకేతములకు క్రొత్త నాళములు మొలచును. కాని అవి పెళుసైనవి, సులభముగా చిట్లును. ఆ సంకేతములే కంటి ముందుభాగమునకు వ్యాపించి, రంగుపొరపై కూడ నాళములు మొలిపించినచో, మొండి రకపు నీటికాసుల వ్యాధి కలుగును. కటకపు సంచి వెనుక గోడ చెక్కుచెదరక యున్నచో ఈ వ్యాప్తికి కొంత అడ్డుగా నిలుచును. మధుమేహుల కండ్లలో ఆ సంచిని కాపాడుటకు వైద్యులు అంత శ్రద్ధ వహించుట అందులకే. ముందుగా లేసరుతో రెటీనా ఆకలిని తగ్గించుట, నాళముల పెరుగుదలను ఆపు మందును కంటిలోనికి సూదితో ఇచ్చుట ఇప్పుడు వాడుకలో నున్న జాగ్రత్తలు. మధుమేహులకే శస్త్రచికిత్స పిదప పచ్చచుక్క నీరుపట్టి ఉబ్బుటయు, కార్నియా గాయము మానుట ఆలస్యమగుటయు ఎక్కువ.

ఇచ్చట రెండు పొరపాట్లు జరుగుచుండును. శస్త్రచికిత్స తేదీ తెలియగనే కొందరు భోజనము మాని, మాత్రలు పెంచి, వారము దినములలో చక్కెరను క్రిందికి దింపజూతురు. ఇది తగదు. మూడు నెలల సగటును తెలుపు రక్తపరీక్ష యున్నది. వైద్యులు దానిని చూచి నెమ్మదిగా దారికి తెత్తురు. మరికొందరు చక్కెర పూర్తిగా అదుపునకు వచ్చువరకు శస్త్రచికిత్స మాట తలపెట్టరు. పొర పట్టిన కన్ను కొన్ని వారములు ఆగగలదేమోకాని, రెటీనా ఊడి పచ్చచుక్కవైపు ప్రాకుచున్న కన్ను ఆగలేదు. అచ్చట దినములే లెక్క. ఏది ఆగగలదు, ఏది ఆగలేదు అనునది వైద్యుని అడిగి తెలిసికొనవలసిన మొదటి సంగతి.

ఇక వాయువు సంగతి. చిరిగిన రెటీనాను గోడకు అదిమి పట్టుటకు కాచద్రవము తీసిన చోట వాయుబుడగను నింపుదురు. సామాన్యమైన గాలి వారము దినముల వరకు నిలుచును. గంధకపు హెక్సాఫ్లోరైడు రెండు వారముల వరకు. పెర్‌ఫ్లోరోప్రొపేను రెండు నెలల వరకు. బుడగ ఎల్లప్పుడు పైకి తేలును. కావుననే రోగిని బోరగిల పరుండుమనిగాని, తల వంచుకొని కూర్చుండుమనిగాని చెప్పుదురు. ముఖము క్రిందికుండిన బుడగ రెటీనాను అదుమును. ముఖము పైకి వెల్లకిల పరుండినచో అదే బుడగ క్రొత్తగా అమర్చిన కటకమును ముందుకు నెట్టును. అప్పుడు కటకపు అంచు కనుపాపలో చిక్కుకొనవచ్చును, రంగుపొర అంటుకొనవచ్చును. అందుచేతనే జంట శస్త్రచికిత్సలో సంచికి చేయు రంధ్రమును కృత్రిమ కటకము కంటె కొంచెము చిన్నదిగా, గుండ్రముగా చేయుటకు వైద్యులు ప్రయత్నింతురు. వైద్యుడు అంత జాగ్రత్త తీసికొన్నను, రోగి ఇంటికి వచ్చి "మెడ నొప్పి" యని వెల్లకిల పరుండినచో ఆ జాగ్రత్త సగము వ్యర్థమగును.

బుడగ కంటిలో నున్నంతవరకు విమానము ఎక్కరాదు. పైకి పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గి బుడగ ఉబ్బును. కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపునరమునకు రక్తము అందకపోవును. మన దేశమున విమానము కంటె కొండయే ముందు గుర్తునకు రావలెను. కన్ను బాగైనచో తిరుమలకు వత్తుమని మ్రొక్కుకొని, కట్టు విప్పిన వారమునకే ఘాటురోడ్డున బయలుదేరు భక్తులున్నారు. మ్రొక్కు తప్పక తీర్చవచ్చును. బుడగ పూర్తిగా కరగినదని వైద్యుడు చెప్పిన పిదప తీర్చవలెను. మరియొక సంగతి. ఆ దినములలో ఏ ఇతర శస్త్రచికిత్స అవసరమైనను, మత్తు ఇచ్చు వైద్యునితో "నా కంటిలో వాయువున్నది" అని చెప్పవలెను. నైట్రస్ ఆక్సైడు అను మత్తువాయువు ఆ బుడగలోనికి చొరబడి దానిని పెంచును. కొన్ని కండ్లలో వాయువునకు బదులు సిలికోను నూనె పోయుదురు. అది ఉబ్బదు, కాని తనంత తాను కరగిపోదు గనుక సాధారణముగా తరువాత మరల తీయవలసియుండును.

అందరును ముందు అనుకొనని చిక్కు ఇంకొకటి కలదు. అది క్రొత్త కటకపు శక్తిని లెక్కించుట. కంటి పొడవును కొలిచి దానినిబట్టి కటకమును ఎన్నుకొందురు. పచ్చచుక్క గోడకు అతికియున్నచో కొలత సరిగా వచ్చును. ఊడి ముందుకు వచ్చియున్నచో కన్ను ఉన్నదానికంటె పొట్టిగా కొలతకు రావచ్చును. అప్పుడు ఎన్నుకొన్న కటకము అవసరమునకు మించి శక్తి గలదగును. వాయుబుడగ కటకమును కొంచెము ముందుకు జరిపినను ఇదే ఫలము. శస్త్రచికిత్స పిదప దూరపు వస్తువులు మసకగా కనిపించి హ్రస్వదృష్టి మిగులును. రెటీనా చక్కగా అంటుకొన్నను "ఆపరేషను చెడినది" అని ఇంటిల్లిపాది దుఃఖింతురు. కంటి అద్దములతో చక్కబడు లోపమును చూపు పోవుటతో కలిపి భయపడరాదు. రెండవ కన్ను బాగుగనున్నచో దాని కొలతను కూడ సరిచూచుట ఇచ్చట సహాయపడును.

కంటి స్వభావమునుబట్టి వచ్చు అపాయములు కొన్ని. ఎక్కువ మైనస్ అద్దములు వాడు పొడుగు కన్ను సున్నితమైనది. దాని రెటీనా పలుచన, చిరుగుట సులభము. పూర్వము దెబ్బ తగిలిన కంటిలో సంచిని పట్టు నారలు తెగియుండవచ్చును. నీటికాసులున్న కన్ను ఒత్తిడి పెరుగుటను ఓర్చుకొనలేదు. శస్త్రచికిత్స పిదప వేయు స్టెరాయిడు చుక్కలు కొందరిలో ఆ ఒత్తిడిని ఇంకను పెంచును. చాలకాలముగా ఊడియున్న రెటీనా ముడుతలుపడి, మచ్చలు కట్టి, మరల మరల ఊడు స్వభావము పొందును. ఇవి రోగి చేసిన తప్పులు కావు. కాని ఇవి వైద్యునికి ముందుగా తెలియవలెను.

తెలియకపోవుటకు కారణము చాలమారులు మన మౌనమే. ప్రోస్టేటు గ్రంథి పెరిగిన పురుషులు మూత్రము ధారాళముగా వచ్చుటకు టామ్సులోసిన్ అను మాత్ర వాడుదురు. కంటి వైద్యునికి దీనితో నేమి పని యని దాచుదురు, కొందరికి సిగ్గు. ఆ మాత్ర కనుపాప చుట్టునున్న రంగుపొరను వదులుచేయును. శస్త్రచికిత్స నడుమ ఆ పొర గాలికి గుడ్డవలె రెపరెపలాడి, కనుపాప ముడుచుకొని, సంచి చిరుగు ప్రమాదము పెరుగును. మాత్ర మానినను ఆ లక్షణము ఉండవచ్చును. కావున ఎవరికి వారు మానుట కాదు, ముందుగా చెప్పుట ముఖ్యము. తెలిసిన వైద్యుడు తగిన మందుతో, తగిన పరికరముతో సిద్ధముగా నుండును. గుండెజబ్బుకు రక్తమును పలుచచేయు మాత్రల సంగతియు ఇట్టిదే. దానిని స్వయముగా ఆపినచో కంటికంటె ముందు ప్రాణమునకే ముప్పు. కనురెప్పపై కురుపు, కన్నీటి సంచిలో చీము ఉన్నచో దానిని కూడ ముందే నయము చేయించుకొనవలెను.

శస్త్రచికిత్స నడుమ సంచి వెనుకగోడ చిరిగినచో కటకపు ముక్కలు లోనికి జారవచ్చును. జంట శస్త్రచికిత్సలో ఆ ముక్కలను తీయగల పరికరము అప్పటికే బల్లమీద నుండుట ఒక మేలు. అయినను చిరిగిన కంటిలో పచ్చచుక్క వాపు, సూక్ష్మక్రిములు చేరుట అను భయములు హెచ్చును. సూక్ష్మక్రిముల వలన కంటిలో చీముపట్టుట అరుదు. కాని వచ్చినచో చూపును హరించును. శస్త్రచికిత్స పిదప కొంత ఎరుపు, నలత సహజము. అవి దినదినము తగ్గవలెను. తగ్గుటకు బదులు నొప్పి పెరిగినను, వచ్చిన చూపు మరల తగ్గినను, ఒకవైపున నల్లని తెర దిగినట్లున్నను, తలనొప్పితో వాంతులైనను మరునాటివరకు ఆగరాదు. ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. నెలలో సంవత్సరములో గడచిన పిదప మెల్లగా మసకవచ్చుట వేరు. అది మిగిలిన సంచి వెనుకగోడ మసకబారుట కావచ్చును; వాయువు నింపిన కండ్లలో ఇది కొంత తొందరగా వచ్చుట కలదు. లేసరుతో కొన్ని నిమిషములలో చక్కబడును.

ఇంటివారి పని తక్కువది కాదు. చేతులు సబ్బుతో కడుగుకొని వేళకు చుక్కలు వేయుట, సీసా మొన కంటికి తగులనీయకుండుట, రాత్రి నిద్రలో కంటిని నలుపకుండ కవచము కట్టుట, తల వంచియుంచుమన్న దినములలో దిండ్లు సర్ది పలుకరించుచుండుట వారివంతు. తలవంచి కూర్చున్న మనిషికి కాలము గడవదు. వార్తలు చదివి వినిపించినను, రేడియో దగ్గర పెట్టినను అదియు చికిత్సలో భాగమే.

ఆ సోదరికి చివరిగా చెప్పదగిన దేమనగా, అపాయము "రెండు" అను అంకెలో లేదు. బల్లమీదికి వచ్చిన కన్ను ఏ స్థితిలో నున్నదో, ఆ మనిషి శరీరము ఏ స్థితిలో నున్నదో అందులోనే దాని వేళ్లు చాలవరకున్నవి. కావున వైద్యుని ఇట్లు అడుగుడు: పచ్చచుక్క ఇంకను ప్రాణముతో నున్నదా? శస్త్రచికిత్స ఆగవచ్చునా, ఆగరాదా? ముందుగా లేసరుగాని సూదిగాని అవసరమా? వాయువా, నూనెయా, ఎన్నాళ్లు? ఎట్లు పరుండవలెను? ఏ మాత్రలు కొనసాగించవలెను? మొదటి ప్రశ్నకు జవాబు వినుటకు ధైర్యము కావలెను. కటకము ఎంత నిర్మలమైనను, మడిసిపోయిన రెటీనా మరల చూడలేదు. కొన్ని కండ్లలో ఉన్న చూపును నిలుపుటయే విజయము. ఆ సంగతి ముందుగా తెలిసియున్న ఇంట తరువాత నిరాశ యుండదు.

ఇంకొక్క మాట. ఆమె జాబులో రెండవ కంటిని గురించి ఒక్క వాక్యమే యున్నది: "అంతంతమాత్రమే" అని. మధుమేహమున్నవారి రెటీనాలో నాళములు మొలచుచున్నప్పుడు నొప్పి యుండదు, చూపు తగ్గకపోవచ్చును. కనుపాపను విప్పార్చి చూచు పరీక్షలోనే అది తెలియును; అప్పుడే లేసరు వేసినచో పెద్ద శస్త్రచికిత్స అవసరమే రాకపోవచ్చును. మొదటి కంటి విషయమున ఆ దినము గడచిపోయినది. రెండవ కంటికి ఇంకను గడువున్నదేమో ఈ వారమే చూపించుకొనవలెను. మధుమేహమున్న ప్రతి ఇంటివారును, కండ్లు బాగుగనే కనిపించుచున్నను, ఏడాదికొకసారి ఆ పరీక్ష చేయించుకొనుట మరువరాదు.